కారణం తేలని గుండె దడ: ఎంతవరకు వెతకాలి, ఎక్కడ ఆపాలి

ఈసీజీ బాగుంది, ఎకో (గుండె స్కానింగ్) బాగుంది, థైరాయిడ్ కూడా బాగుంది. "ఏమీ లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అని డాక్టరు పంపించేశారు. ఇంటికొచ్చి రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోగానే దడ మళ్లీ మొదలు. 20 నుంచి 35 ఏళ్ల మధ్య వయసులో, రిపోర్టులకూ ఒంటికీ పొంతన కుదరక తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

2021లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు, 2023లో తారకరత్న 39 ఏళ్లకు పోయాక మన కుర్రకారులో గుండె భయం బాగా పెరిగింది. ఆ భయాన్ని తప్పు పట్టలేం. కానీ రెండు వేర్వేరు సంగతులు అందులో కలిసిపోతున్నాయి. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం. దడ అంటే గుండె కొట్టుకునే వేగమో లయో మారడం, లేదా మామూలుగా కొట్టుకుంటున్నదే మనకు తెలుస్తూ ఉండటం. నిమిషానికి 70 చొప్పున వేసుకున్నా గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందులో కొన్ని వరస తప్పడం పూర్తి ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది.

"కారణం తేలలేదు" అనే మాట కింద రెండు రకాల మనుషులుంటారు. కొందరికి దడ వస్తున్న సమయంలో గుండె ఏం చేస్తోందో ఇప్పటిదాకా ఎవరూ రికార్డు చేయలేదు. మరికొందరికి రికార్డు చేశారు, ప్రమాదం లేదని తేలింది, ఎందుకు వస్తోందన్నది మాత్రం తెలియదు. మొదటివాళ్లు ఇంకా వెతకాలి, రెండోవాళ్లు వెతకడం ఆపాలి. మన దగ్గర ఎక్కువగా తిరగబడి జరుగుతుంది. రికార్డు లేనివాళ్లను ఊరుకోమంటారు, ఉన్నవాళ్లు ఆరో ఎకో తీయించుకుంటూ ఉంటారు.

మొదటి మెట్టు: ఆలస్యం చేయకూడనివి

కింది వాటిలో ఏ ఒక్కటున్నా మిగతా వ్యాసం తర్వాత చదవొచ్చు, ముందు కార్డియాలజిస్టును కలవండి.

- దడతో స్పృహ తప్పడం. పరిగెడుతూనో, ఈదుతూనో, ఫోన్ మోతకు ఉలిక్కిపడో స్పృహ తప్పితే మరీ ముఖ్యం.
- వ్యాయామం మధ్యలో మొదలయ్యే దడ.
- దడతో పాటు వదలని ఛాతీ నొప్పి, ఆయాసం.
- కదలకుండా కూర్చున్నప్పుడు నాడి 150 దాటి, తగ్గకుండా ఉండటం.
- చిన్నప్పుడు కీళ్ల వాపులతో జ్వరం రావడం, మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకోవడం. రుమాటిక్ జ్వరం పాడుచేసిన కవాటం ఏళ్ల తర్వాత దడగా బయటపడొచ్చు. మన దేశంలో ఇది ఇంకా పోలేదు.
- రక్తసంబంధీకుల్లో 40 ఏళ్లలోపు హఠాత్తుగా పోయినవాళ్లు.

ఈ చివరిదాని గురించి ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. "గుండె జబ్బుతో ఎవరైనా పోయారా" అని అడిగితే లేదంటారు. "మా చిన్నాన్న కొడుకు ఈత బాగా వచ్చినవాడే, చెరువులో మునిగిపోయాడు", "పెద్దత్త కూతురు ఫిట్స్ వచ్చి నిద్రలోనే పోయింది" లాంటి సంగతులు తవ్వితే గానీ రావు. గుండెలోని విద్యుత్ లోపాలు కొన్ని ఇలా మునకలుగా, ఫిట్స్‌గా నమోదైపోతుంటాయి. మేనరికాలున్న కుటుంబాల్లో పుట్టుకతో చెవుడు ఉండి, అప్పుడప్పుడు స్పృహ తప్పే పిల్లలుంటే వాళ్లకు ఈసీజీ తప్పనిసరి. చెవుడూ, లాంగ్ క్యూటీ అనే గుండె విద్యుత్ లోపమూ కలిసి వచ్చే ఒక జబ్బు ఉంది. అరుదైనదే. కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపమున్న జన్యువు వస్తేనే అది బయటపడుతుంది కాబట్టి దగ్గరి సంబంధాల్లో అవకాశం ఎక్కువ.

ఇప్పుడే దడ వస్తూ స్పృహ తప్పుతున్నట్టుంటే, ఛాతీ నొక్కేస్తుంటే 108కి ఫోన్ చేయండి. బైక్ మీద వెనకాల కూర్చుని ఆసుపత్రికి వెళ్లడం మంచిది కాదు, దారిలో పడిపోతే పట్టుకునేవాళ్లుండరు.

రెండో మెట్టు: దడ రకాన్ని గుర్తుపట్టడం

"దడగా ఉంటోంది డాక్టరుగారూ" అంటే ఆయనకు పెద్దగా ఏమీ తెలియదు. దడ వచ్చినప్పుడు మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో, చూపుడువేలూ మధ్యవేలూ ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. బొటనవేలితో చూడకండి, దాని సొంత నాడి కలిసిపోతుంది. లెక్క అయ్యాక అదే లయలో బల్ల మీద వేలితో తట్టి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చాదస్తంలా అనిపిస్తుంది గానీ, డాక్టర్లు రోగిని తట్టి చూపించమని అడగడం మామూలే. ఆ తట్టుడులోనే సగం సంగతి తెలిసిపోతుంది.

స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది, ఒకసారి గుండె ఆగినట్టయి, వెంటనే లోపలి నుంచి గట్టిగా ఒక్క దెబ్బ. దీన్ని ఎక్టోపిక్ బీటు అంటారు. ఒక బీటు తొందరపడి ముందే వస్తుంది, దాని తర్వాత కాస్త విరామం, ఆ విరామంలో గుండెలో రక్తం ఎక్కువ నిండి తర్వాతి బీటు బలంగా తగులుతుంది. మనల్ని భయపెట్టే ఆ దెబ్బ నిజానికి గుండె మామూలు లయకు తిరిగొచ్చిన బీటే. యువతలో కారణం తేలని దడల్లో చాలావాటి వెనక ఇవే ఉంటాయి.

రెండోది మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది, 100 నుంచి 130, 140 మధ్య ఉంటుంది. గుండె లయ సరిగానే ఉంది, దాన్ని ఏదో తరుముతోంది అని అర్థం. భయం, జ్వరం, రక్తహీనత, థైరాయిడ్, నీరు తగ్గడం వంటివి. మూడోది అసలు క్రమమే లేకుండా ఎగుడుదిగుడుగా ఉండేది. ఈ వయసులో తక్కువ. వస్తే థైరాయిడ్‌నీ, వారాంతపు మందు పార్టీలనీ ముందు అనుమానించాలి.

నాలుగోదాని దగ్గర ఆగి మాట్లాడాలి. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై, 150 నుంచి 250 మధ్య వేగంతో తడబాటు లేకుండా కొట్టుకుని, అలాగే ఒక్కసారిగా ఆగిపోతుంది. మెడలో టకటకలాడుతుంది. తగ్గాక కొందరికి మూత్రం ఎక్కువగా వస్తుంది. ఇది ఎస్‌వీటీ, అంటే గుండె విద్యుత్ దారి తప్పడం వల్ల వచ్చే వేగపు దడ కావచ్చు. అది వచ్చినప్పుడు చెమటలు, వణుకు, చచ్చిపోతామన్న భయం అన్నీ ఉంటాయి కాబట్టి పానిక్ అటాక్ (హఠాత్తుగా కమ్మేసే భయం) అనుకోవడం చాలా తేలిక. 1997లో అచ్చైన ఒక అమెరికన్ పరిశీలనలో ఎస్‌వీటీ ఉన్న 107 మందిని చూస్తే, దాదాపు మూడింట రెండొంతుల మంది లక్షణాలు పానిక్ డిజార్డర్ నిర్వచనానికి సరిపోయాయి. పానిక్ అని పొరబడింది ఎక్కువగా ఆడవాళ్ల విషయంలోనే. పెళ్లీడు అమ్మాయి దడ అంటే "టెన్షన్" అని తేల్చేసే మన ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పానిక్ అని చెప్పిన డాక్టరును మర్యాదగానే ఒక్క ప్రశ్న అడగండి: "దడ వస్తున్నప్పుడు తీసిన ఈసీజీ చూసి చెబుతున్నారా అండీ?"

మూడో మెట్టు: పరీక్షలు, వాటి వరస

మొదట ఈసీజీ, రక్తంలో సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), పొటాషియం, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు). తర్వాత ఎకో, ఒక్కసారి. వీటితో గుండె నిర్మాణం బాగుందో లేదో, బయటి కారణం ఏదైనా ఉందో తెలుస్తుంది. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్తే ఈ రక్త పరీక్షలు టీ-డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు. ప్రమాద సూచనలేవీ లేని పాతికేళ్ల మనిషికి సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్), ఫుల్ బాడీ ప్యాకేజీ నాకు డబ్బు దండగగానే కనిపిస్తాయి.

ఈసీజీ పది సెకన్ల బొమ్మ మాత్రమే. ఆ పది సెకన్లలో దడ లేకపోతే అది దడ గురించి నేరుగా ఏమీ చెప్పదు. కాబట్టి దడ ఎంత తరచుగా వస్తుందో చూసుకుని తర్వాతి పరికరం ఎంచుకోవాలి. రోజూ వస్తుంటే 24 లేదా 48 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ పరికరం) చాలు. వారానికోసారి అయితే ఛాతీకి అంటించే ప్యాచ్ లాంటిది, 7 నుంచి 14 రోజులు ఉంచేది, దొరుకుతుందేమో అడగండి. రెండు మూడు నెలలకోసారి వచ్చేదాన్ని 24 గంటల హోల్టర్‌తో పట్టుకోవాలంటే అదృష్టం ఉండాలి. అలాంటివాళ్లకు ఈసీజీ తీసే చేతి వాచీ గానీ, రెండు వేళ్లతో పట్టుకునే చిన్న పరికరం గానీ మేలు. 30 సెకన్ల రికార్డు పీడీఎఫ్‌గా వస్తుంది, డాక్టరుకు చూపించొచ్చు. ఒక తేడా గమనించండి. చాలా వాచీలు వెనక పచ్చ లైటుతో నాడి అంకె మాత్రమే చూపిస్తాయి. చెయ్యి కదిలితే ఆ అంకె తప్పుతుంది, లయ గురించి పెద్దగా చెప్పదు. వాచీ లేకపోతే మీ ఇంటికి దగ్గర్లో రాత్రి పూట కూడా ఈసీజీ తీసే నర్సింగ్ హోమ్ ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి. దడ రాగానే డాక్టరు కోసం ఆగకుండా ముందు ఈసీజీ తీయమనండి.

హోల్టర్ పెట్టిన రోజు సెలవు పెట్టి బుద్ధిగా మంచం మీద పడుకునేవాళ్లు చాలామంది. ఫలితం సహజంగానే "నార్మల్". ఆ రోజు ఆఫీసుకు వెళ్లండి, మెట్లెక్కండి, మీ టీలు మీరు తాగండి. దడ అనిపించిన ప్రతిసారీ గంట, నిమిషం రాయండి. దడ అనిపించిన సమయంలో రికార్డులో మామూలు లయ కనిపిస్తే అది కూడా గొప్ప సమాచారమే. మీ దడ లయ తప్పడం వల్ల వచ్చింది కాదని అది నిరూపిస్తుంది.

ఎక్టోపిక్ బీట్లు కనిపిస్తే అంకె చూసి కంగారు పడొద్దు. రోజుకు కొన్ని వందలున్నా, గుండె నిర్మాణం బాగుంటే సాధారణంగా మందులు అక్కర్లేదు. మొత్తం బీట్లలో గుండె కింది గదుల నుంచి వచ్చే ఎక్టోపిక్‌లు 10 శాతం దాటితే మాత్రం అప్పుడప్పుడు ఎకోతో గుండె పనితీరు చూస్తూ ఉండాలి.

నాలుగో మెట్టు: ఇంట్లో దొరికే కారణాలు

రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి ఉంది. హిమోగ్లోబిన్ 9 ఉన్న అమ్మాయికి రెండో అంతస్తు ఎక్కితే దడ రావడంలో వింతేమీ లేదు. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని టీ, కాఫీలతో కలపకుండా గంటైనా ఎడం పెట్టాలి, లేదంటే మాత్ర ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే మంచిది.

కాఫీ మీద మాత్రం నింద కాస్త ఎక్కువే పడింది. 2023లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో 100 మందికి కొన్ని రోజులు కాఫీ తాగమనీ, కొన్ని రోజులు మానమనీ చెప్పి రికార్డు చేశారు. పై గదుల ఎక్టోపిక్‌లు చెప్పుకోదగ్గంత పెరగలేదు, కింది గదులవి కొంత పెరిగాయి. కానీ కాఫీ తాగిన రోజుల్లో నిద్ర సగటున 36 నిమిషాలు తగ్గింది. అసలు దెబ్బ అక్కడ. మీ విషయం మీరే తేల్చుకోవాలి: రెండు వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ మొదలుపెట్టి, తేడా ఉందేమో చూడండి. తేడా లేకపోతే పొద్దున్నే ఫిల్టర్ కాఫీని వదులుకోవాల్సిన పని లేదు. ఎనర్జీ డ్రింకులనీ, జిమ్ ముందు కలుపుకునే పొడులనీ నేను అదే గాటన కట్టను. పొడుల్లో కొన్నింటిలో ఒక్క స్కూపులోనే రెండు మూడు వందల మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తానికి చెప్పే పరిమితే 400.

మందుల పెట్టె కూడా తెరిచి చూడండి. ఆస్తమా పఫ్‌లోని సాల్బుటమాల్, ముక్కు దిబ్బడ తగ్గించే జలుబు మాత్రలు, మోతాదు ఎక్కువైన థైరాక్సిన్ దడ తెప్పిస్తాయి. ఇంకొకటి మన దగ్గర మరీ ఎక్కువ. దడ వస్తే "గ్యాస్ అయ్యుంటుంది" అని మెడికల్ షాపులో పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ తెచ్చుకుని నెలల తరబడి మింగుతారు. డోంపెరిడోన్ గుండె విద్యుత్ మీద చూపే ప్రభావం వల్ల యూరప్ మందుల సంస్థ 2014లో దాన్ని మామూలుగా వారానికి మించి వాడొద్దంది. పాంటోప్రజోల్ తరగతి మందులు దీర్ఘకాలం వాడితే మెగ్నీషియం తగ్గొచ్చు, మెగ్నీషియం తగ్గితే లయ తప్పొచ్చు. దడకని వేసుకున్న గోలీయే దడను పెంచవచ్చన్నమాట. మీరు రోజూ వేసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

నిద్ర, ఆలస్యపు భోజనం గురించి అందరూ చెప్పేదే. అమెరికా షిఫ్టు చేసి రాత్రి ఒంటిగంటకు బిర్యానీ తిని పడుకుంటే, ఉబ్బిన పొట్ట, పైకెగదన్నే పులుపు, ఎడమవైపు పడుకుంటే ఛాతీ గోడకు దగ్గరయ్యే గుండె మూడూ కలిసి దడను వినిపిస్తాయి. శివరాత్రి ఉపవాసం, జాగారం, మధ్యమధ్య టీలు కూడా ఇదే కోవ. ఉపవాసం ఉండండి, నీళ్లు మానకండి.

అయిదో మెట్టు: నిలబడితే వచ్చే దడ

డెంగ్యూ, కోవిడ్ లాంటి జ్వరాల తర్వాత, మంచం పట్టి లేచాక కొందరికి నిలబడగానే దడ, తల తిరుగుడు మొదలవుతాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు. పది నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి రాసుకోండి. లేచి కదలకుండా నిలబడి 2, 5, 10 నిమిషాల దగ్గర మళ్లీ రాయండి. పక్కన ఎవరైనా ఉండాలి. బీపీ పెద్దగా పడకుండా నాడి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే నిలిస్తే (19 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసువారికి 40) ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాట్స్ అనే స్థితి కావచ్చు. దీన్ని చాలాసార్లు "నీరసం" అని వదిలేస్తారు.

దీనికి రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు, డాక్టరు చెబితే ఉప్పు పెంచడం, తొడల దాకా బిగుతు సాక్సులు, పడుకునో కూర్చునో చేసే వ్యాయామాలతో మొదలుపెట్టి నెమ్మదిగా నిలబడి చేసేవాటికి రావడం వైద్యం. ఎండాకాలంలో ఓఆర్ఎస్ పనికొస్తుంది. ఒక లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ కలిపేదే ఓఆర్ఎస్. డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్లరసాలు కావు.

ఆరో మెట్టు: దడ వచ్చిన ఆ కాసేపు

కూర్చోండి. బండి మీద ఉంటే పక్కకు ఆపండి. నాడి ఒక్కసారి లెక్కపెట్టి, వీలైతే ఈసీజీ తీసుకుని, వాచీ వదిలేయండి. నాలుగు సెకన్లు గాలి పీల్చి ఆరు సెకన్లు వదలండి, నిమిషానికి ఆరు శ్వాసలు వచ్చేలా. ఎక్టోపిక్‌లకు కొందరికి లేచి నాలుగడుగులు వేస్తే చాలు, వేగం పెరగగానే అవి మాయమవుతాయి.

ఎస్‌వీటీ అని రికార్డు మీద తేలినవాళ్లకు, డాక్టరు సరేనంటే, ఒక మంచి కిటుకు ఉంది. సగం వాలి కూర్చుని, 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజి మూతిలోకి, లోపలి కాడ కొంచెం కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే పక్కనున్నవాళ్లు మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు 45 డిగ్రీలు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగంలో ఇలా చేస్తే 43 శాతం మందికి లయ తిరిగొచ్చింది, కాళ్లెత్తకుండా ఊదినవాళ్లలో 17 శాతానికే. మెడ నరం నొక్కడం లాంటివి ఇంట్లో చేయకండి. ఎస్‌వీటీ మాటిమాటికీ వస్తుంటే అబ్లేషన్ (సన్నని తీగ పంపి, దడ పుట్టించే చోటును కాల్చేయడం) అనే చికిత్సతో చాలామందికి శాశ్వతంగా పోతుంది. జీవితాంతం మాత్రలే దారి అనుకోనక్కర్లేదు.

గుండె వేగం తగ్గించడానికి అక్కకు రాసిన ప్రొప్రనోలాల్ మీరు వేసుకోవద్దు, ఆస్తమా ఉంటే అది ప్రమాదం. ఆల్ప్రజోలం "నిద్ర గోలీ" కదా అని తెలిసిన షాపులో తెచ్చుకోవద్దు, త్వరగా అలవాటు పడుతుంది.

ఏడో మెట్టు: వెతుకులాట ఆపడం

దడ సమయంలోని రికార్డు చేతికొచ్చి, ఎకో బాగుండి, ప్రమాద సూచనలేవీ లేకపోతే ఇక్కడితో పరీక్షలు అయిపోయాయి. ఇక్కణ్నుంచి కష్టం మరో రకం. దడ వస్తే భయం, భయానికి అడ్రినలిన్, దానికి ఇంకా దడ. ఈ గొలుసును మోసేది ఎక్కువగా మన వేళ్లే: గంటకోసారి మెడ మీద పెట్టి చూసుకోవడం, రాత్రి రెండింటికి వీడియోలు వెతకడం. నాడి చూడటం ఒక దడకు ఒకసారికి పరిమితం చేయండి. వాచీ అలారాలు ఆపేయండి. భయం రోజువారీ పనులను ఆపేస్తుంటే సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. దడ నిజం కాదని దీనర్థం కాదు. దడ నిజమే, దాని చుట్టూ పేరుకున్న భయానికి ఈ వైద్యం.

వ్యాయామం మానేయడం దాదాపు అందరూ చేసే పని, నష్టం చేసేదీ అదే. కదలని ఒంట్లో గుండె చిన్న శ్రమకే వేగం అందుకుంటుంది. డాక్టరు సరేనన్నాక రోజూ అరగంట నడకతో మొదలుపెట్టండి, మాట్లాడగలిగేంత వేగంతో. నెల తర్వాత కాస్త పెంచండి.

ఇంట్లోవాళ్లకు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పండి. "అమ్మా, రికార్డు చూశారు, ప్రమాదం లేదన్నారు. వచ్చినప్పుడు కాసేపు కూర్చుంటా, నువ్వు కంగారు పడి నాన్నకు ఫోన్ చేయకు. స్పృహ తప్పితే మాత్రం 108కి చెయ్యి." దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు. "పెళ్లయితే అదే పోతుంది" అన్నప్పుడు మాత్రం ఊరుకోకండి.

మళ్లీ డాక్టరును కలవాల్సిన సందర్భాలు కొన్నే: దడ తీరు మారినప్పుడు, మొదటిసారి స్పృహ తప్పినప్పుడు, గర్భం వచ్చినప్పుడు, ఏదైనా ఆపరేషన్‌కు మత్తు ఇవ్వబోతున్నప్పుడు. ఆ రోజుల కోసం బాగున్నప్పటి ఈసీజీ ఒకటి, దడ సమయంలోది ఒకటి ఫోటో తీసి ఫోన్‌లో విడిగా దాచుకోండి. ఈసీజీ కాగితం మీద అచ్చు ఒకట్రెండేళ్లలో వెలిసిపోతుంది.